దారం కట్టి చక్రాలు సరిచేసే అబ్బాయిని ఏ చదువులో చేర్చాలి?

ప్రశ్న: మాది అనంతపురం, కిరాణా కొట్టు నడుపుతాను. మా అబ్బాయి పదో తరగతి పరీక్షలు రాశాడు. మా పాత కారు ముందు టైర్లు లోపలి అంచున అరిగిపోతుంటే, ఇంటి ముందు దారాలు కట్టి, స్కేలుతో కొలిచి, వీల్ అలైన్‌మెంట్ తనే చేశాడు. మొదటి రోజు స్టీరింగ్ వంకరగా నిలిచింది. మరునాడు మళ్లీ కొలిచి సరిచేశాడు. ఇంటర్లో ఎంపీసీ చేర్పించాలని నా కోరిక. వాడేమో మెకానిక్ పనే నేర్చుకుంటానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం, మరునాడు స్టీరింగ్ సరిచేశాడన్నది. ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణాన్ని టో అంటారు. దాన్ని మార్చడానికి ఒకవైపు టై రాడ్‌నే, అంటే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీనే తిప్పితే, కారు నేరుగా పోతున్నప్పుడు రెండు చక్రాలూ ఆ మార్పును చెరిసగం పంచుకుంటాయి కనుక స్టీరింగ్ ఒక పక్కకు ఒరుగుతుంది. తిప్పిన దానిలో సగం వెనక్కి తీసి, ఆ సగాన్ని రెండో వైపు ఇస్తేనే అది మధ్యకు వస్తుంది. ఎవరూ చెప్పకుండా ఈ సంగతి పట్టుకున్నాడంటే మీవాడు చేతిపనితో పాటు లెక్క కూడా చేస్తున్నాడు.

ఆ లెక్క చిన్నదేమీ కాదు. 14 అంగుళాల రిమ్ము అంటే సుమారు 356 మిల్లీమీటర్లు. దాని ముందు అంచుకూ వెనుక అంచుకూ కారు పక్కన కట్టిన దారం నుంచి ఉన్న దూరాల్లో 1 మిల్లీమీటరు తేడా వస్తే, అది దాదాపు 0.16 డిగ్రీల కోణం. పదో తరగతి త్రికోణమితి ఇక్కడ అక్కరకు వస్తుంది. అయితే దారం అన్నీ చూపించదు. లోపలి అంచు అరుగుదలకు టో ఒక కారణమైతే, చక్రం పైభాగం లోపలికి వాలడం, అంటే క్యాంబర్, మరో కారణం. చాలా చిన్న కార్లలో దాన్ని మార్చే ఏర్పాటే ఉండదు. చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింట్లు, బుష్‌లు అరిగి ఉంటే ఎంత సరిచేసినా నిలవదు.

అందుకే నా సలహా పాలిటెక్నిక్. పాలిసెట్ రాయించి, మూడేళ్ల ఆటోమొబైల్ డిప్లొమాలో చేర్పించండి. ఆ శాఖలో సీటు రాకపోతే మెకానికల్ అయినా మంచిదే. తర్వాత డిప్లొమా చదివినవాళ్లు రాసే ఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు, కాబట్టి మీ కోరికకూ దారి మూసుకుపోదు. ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు రెండేళ్లు. త్వరగా సంపాదన అవసరమైన ఇంటికి అది గౌరవమైన మార్గం, కానీ కొలతల మీద ఇంత ఆసక్తి ఉన్న పిల్లవాడికి గణితం ఎక్కువగా దొరికే చోటు మేలని నా నమ్మకం. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలైనప్పటి నుంచి మన వైపు తల్లిదండ్రులు ఆ ఒక్క ఉద్యోగాన్నే దృష్టిలో పెట్టుకుని శాఖను ఎంచుకుంటున్నారు. దయచేసి అలా చేయకండి.

ఒక్క విషయంలో మాత్రం మీరు కఠినంగా ఉండాలి. కేవలం జాకీ మీద నిలిపిన కారు కిందికి అతను ఏ పరిస్థితిలోనూ దూరకూడదు. స్టాండ్లు కొనివ్వండి, చక్రాలకు అడ్డుకట్టలు పెట్టించండి.

ఈ వారమే అతన్ని వెంటబెట్టుకుని కంప్యూటర్ యంత్రం ఉన్న టైర్ల షాపుకు వెళ్లండి. టైర్లలో గాలి సరిగా ఉందో లేదో ముందు చూపించి, సరిచేయకముందు యంత్రం ఇచ్చే కొలతల కాగితం అడిగి తీసుకుని, అతను దారంతో రాసుకున్న అంకెల పక్కన పెట్టమనండి. తేడా ఎక్కడ వచ్చిందో అతను మీకు ఎలా వివరిస్తాడో ఓపికగా వినండి, ఆ తర్వాతే పాలిసెట్ దరఖాస్తు గురించి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.