కొత్త తేనెటీగల పెట్టెకు ఎండాకాలంలో పంచదార నీళ్లు ఎప్పటిదాకా పెట్టాలి?

తేనెటీగల పెట్టె పెట్టి పది రోజులైంది, ఎండలకు బయట పూలు తగ్గిపోయాయి, పంచదార నీళ్లు ఆపేయొచ్చా అని అడిగారు. ఆపకండి. ఈ తప్పు నేను చేశాను, ఒక పెట్టె పోగొట్టుకున్నాను కూడా.

నా మొదటి పెట్టె నాలుగు ఫ్రేముల (ఈగలు తేనెపట్టు కట్టుకునే చట్రాలు) ఈగలతో మొదలైంది. దగ్గర్లో ఒక చెట్టు పూసి కనిపిస్తే ఇక వాటి తిండి అవే తెచ్చుకుంటాయిలే అనుకుని పన్నెండో రోజున మేత ఆపేశాను. వారం తర్వాత మూత తీస్తే ఐదో ఫ్రేములో పట్టు సగంలోనే ఆగిపోయి ఉంది. రాణి గుడ్లు పెట్టడం తగ్గించింది. ఈగలు వచ్చిపోయే గుమ్మం ముందు తెల్లటి పిల్లపురుగులు పడి ఉన్నాయి. తిండి చాలకపోతే ఈగలు తమ పిల్లల్నే తీసి పారేస్తాయని నాకు అప్పుడే తెలిసింది. కంగారులో మిట్టమధ్యాహ్నం గుమ్మం దగ్గరే పెద్ద సీసాతో పంచదార నీళ్లు పెట్టాను. ఆ వాసనకు వేరే బలమైన పెట్టెల ఈగలు దోపిడీకి దిగాయి. సాయంత్రానికి పెట్టె కింద చచ్చిన ఈగలు గుట్టగా పడ్డాయి. ఆ పెట్టె మళ్లీ కోలుకోలేదు.

పూలు కొన్ని ఉన్నా వాటి మకరందం కొత్త పెట్టెకు ఎందుకు చాలదంటే, ఈగలు ఆ తీపిని తినడానికే కాదు, పట్టు కట్టే మైనం తయారు చేయడానికీ వాడతాయి. కిలో మైనానికి ఆరు నుంచి ఎనిమిది కిలోల తేనె ఖర్చవుతుందని సాధారణంగా లెక్క వేస్తారు. పైగా గుడ్డు పనిచేసే ఈగగా మారి బయటికి రావడానికి దాదాపు 3 వారాలు పడుతుంది. ఈలోపు పాతవి చనిపోతుంటాయి కాబట్టి మొదట్లో ఈగల సంఖ్య తగ్గుతుంది. ఉన్న కొద్ది ఈగలే పట్టు కట్టాలి, పిల్లల్ని చూసుకోవాలి, మకరందం కోసం తిరగాలి.

ఇప్పుడు నేను కిలో పంచదారకు లీటరు నీళ్లు తీసుకుంటాను. నీళ్లు వేడి చేసి, పొయ్యి మీద నుంచి దించాకే పంచదార కలుపుతాను. తెల్ల పంచదార మాత్రమే వాడండి. బెల్లం, ముడి చక్కెర ఈగలకు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఎక్కడిదో తెలియని తేనె అసలే పెట్టొద్దు, అందులో పిల్లల్ని కుళ్లబెట్టే రోగం ఉండొచ్చు.

చీకటి పడే వేళ, పెట్టె లోపల, ఫ్రేముల పైన గిన్నెలో, ఒకసారికి అర లీటరు చాలు. ఈగలు మునిగిపోకుండా పుల్లలు వేయండి. చుక్క కూడా బయట ఒలకనివ్వకండి. రెండు రోజుల్లో తాగకపోతే పారబోసి, గిన్నె కడిగి కొత్తది పెట్టండి, ఎండలకు త్వరగా పులుస్తుంది. గుమ్మం రెండు మూడు ఈగలు పట్టేంత సందుకు తగ్గించండి, కాపలా కాయడం వాటికి తేలికవుతుంది. కానీ పెట్టెకు నీడ, గాలి తప్పనిసరి.

మంచినీళ్లు వేరుగా పెట్టాలి, దీన్ని చాలామంది మర్చిపోతారు. పిల్లలు పెరిగే చోట వేడి దాదాపు 35 డిగ్రీలు దాటకుండా ఈగలు నీళ్లు తెచ్చి పట్టు మీద పూసి రెక్కలతో విసురుతాయి. పంచదార నీళ్లతో ఆ పని జరగదు. గులకరాళ్లు వేసిన గిన్నె ఒకటి నీడలో ఉంచండి.

ఇక ఎప్పుడు ఆపాలన్నది రోజుల లెక్కతో తేల్చకండి, ఫ్రేములు చూడండి. పిల్ల గదిలో (రాణి గుడ్లు పెట్టే కింది అంతస్తులో) దాదాపు అన్ని ఫ్రేములకూ పట్టు కట్టి, అంచుల్లో మైనంతో మూత పడిన తేనె బాగా కనిపిస్తే ఆపొచ్చు. అంతకుముందే మధ్య అరల్లో పంచదార నీళ్లు నిండిపోతుంటే కొన్నాళ్లు తగ్గించండి, లేకపోతే రాణికి గుడ్లు పెట్టే చోటు మిగలదు. మేత పెడుతున్నన్నాళ్లు పై గది (మనం తీసుకునే తేనె కోసం పైన పెట్టే అంతస్తు) వేయకండి. అందులో చేరేది పంచదారే, దాన్ని తేనె అని తీయకూడదు.

రేపు పొద్దున గుమ్మం దగ్గర కాసేపు కూర్చుని, వచ్చే ఈగల కాళ్లకు పుప్పొడి ముద్దలు ఉన్నాయేమో చూడండి. పిల్లలు పెరగడానికి కావాల్సిన మాంసకృత్తులు పంచదారలో ఉండవు, పుప్పొడి నుంచే రావాలి. ఎన్ని ఫ్రేముల్లో పట్టు కట్టాయి, పుప్పొడి వస్తోందా, ఈ రెండూ రాస్తే ఎంత పెట్టాలో ఇంకాస్త కచ్చితంగా చెప్తాను.