మా ఆయనకు కడుపులో బ్యాక్టీరియా ఉందట, ఇంట్లో అందరికీ అంటుతుందా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా ఆయనకు కడుపులో మంట తగ్గకపోతే ఎండోస్కోపీ చేసి హెచ్. పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందన్నారు, 14 రోజులు మందులు రాశారు. అది విన్నప్పట్నుంచి మా అత్తగారు ఆయన కంచం, గ్లాసు వేరు పెట్టేశారు. ఆవిడకూ ఎప్పట్నుంచో కడుపుమంట ఉంది, మోకాళ్ల నొప్పులకు మాత్రలు వేసుకుంటారు. మాకు నాలుగేళ్ల బాబు. అందరం టెస్టులు చేయించుకోవాలా?

జవాబు: ముందు ఆ కంచం మామూలు చోట పెట్టేయండమ్మా. సబ్బుతో శుభ్రంగా తోమిన గిన్నెలతో భయం లేదు. ఈ బ్యాక్టీరియా మీ ఆయనకు మొన్నీమధ్య వచ్చింది కాకపోవచ్చు. చాలామందికి ఇది చిన్నప్పుడే, అదీ ఇంట్లోవాళ్ల నుంచే, ముఖ్యంగా తల్లి నుంచి అంటుకుని, చుట్టూ యాసిడ్ ఉన్నా దాన్ని విరిచేసే అమ్మోనియా తయారుచేసుకుని ఏళ్ల తరబడి కడుపులో బతికేస్తుంది. అంటే మీ అత్తగారి నుంచే కొడుక్కి వచ్చి ఉండొచ్చు. ఈ మాట ఆవిడతో కాస్త మెల్లిగా చెప్పండి, తప్పు ఆవిడది కాదు. మన దేశంలో పెద్దవాళ్లలో సగం మందికి పైగా ఇది ఉంటుంది, ఎక్కువమందికి ఏ బాధా ఉండదు.

అంటుకునేది నోటి నుంచి నోటికి, వాంతి నుంచి, మలం నుంచి. అన్నం నమిలి పిల్లాడి నోట్లో పెట్టడం, మన నోటితో వేడి చూసిన చెంచాతోనే తినిపించడం మానేయండి. బామ్మ ముద్దలు కలిపి పెడితే పెట్టనివ్వండి, ముందు చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు. బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, వాంతి శుభ్రం చేశాక కూడా అంతే. నీళ్ల నుంచి కూడా రావచ్చు కాబట్టి, వేసవిలో కాలువలు కట్టేశాక చెరువు నీళ్లే గతి అయితే మరగబెట్టి చల్లార్చి తాగండి. పాపం ఆవకాయని తిట్టుకుంటాం గానీ, అల్సర్లకు అసలు కారణం చాలావరకు ఈ బ్యాక్టీరియా, లేదంటే నొప్పి మాత్రలు. ఆస్ట్రేలియా డాక్టర్ బారీ మార్షల్ దీన్ని నిరూపించడానికి 1984లో తనే ఆ బ్యాక్టీరియాను తాగేశాడు, 2005లో నోబెల్ కూడా వచ్చింది.

మీ ఆయన మంట తగ్గింది కదా అని మందులు మధ్యలో ఆపకూడదు, సగంలో ఆపితే అవే యాంటీబయాటిక్స్ రెండోసారి పనిచేయకపోవచ్చు. మందుల్లో బిస్మత్ ఉంటే విరేచనం నల్లగా వస్తుంది, కంగారు పడొద్దు, కానీ బిస్మత్ లేకుండా నల్లగా తారులా వస్తే అది రక్తం, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కోర్సు అయిన నాలుగు వారాల తర్వాత బ్రెత్ టెస్టు (ఊపిరి ఊదించి చేసేది) గానీ, మలంలో యాంటిజెన్ టెస్టు (బ్యాక్టీరియా ఆనవాళ్లు వెతికేది) గానీ చేయించండి. దానికి రెండు వారాల ముందు నుంచి గ్యాస్ మాత్రలు ఆపాలి. రక్తపరీక్షకు డబ్బులు పోయొద్దు, పాత ఇన్ఫెక్షనైనా అందులో పాజిటివ్ చూపిస్తుంది.

ఇక టెస్టు ఎవరికంటే, బాబుకి బాధలేమీ లేకపోతే వద్దు. మీరు చేయించుకుంటే మంచిదే, తొందరేం లేదు. అత్తగారికి మాత్రం ముందు చేయించండి, ఎందుకంటే ఈ బ్యాక్టీరియా, నొప్పి మాత్రలు రెండూ కలిస్తే అల్సర్ ప్రమాదం బాగా పెరుగుతుంది. ఆ మాత్రల గురించి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. బరువు తగ్గడం, ముద్ద మింగలేకపోవడం, రక్తహీనత, రక్తపు వాంతి ఏది ఉన్నా ఈ టెస్టుల కోసం ఆగకుండా నేరుగా ఎండోస్కోపీకి తీసుకెళ్లండి.