మెడనొప్పికి డాక్టర్ లెటర్ ఉంటే హెల్మెట్ పెట్టుకోకపోయినా పర్లేదా?

సర్వైకల్ స్పాండిలోసిస్ (మెడ ఎముకలు అరిగే జబ్బు) ఉంది, డాక్టర్ లెటర్ జేబులో పెట్టుకుని హైదరాబాద్‌లో హెల్మెట్ లేకుండా బండి నడపొచ్చా, సిక్కులకు ఉన్న మినహాయింపు రోగులకు ఎందుకు ఉండదు అని అడిగారు. నడపకూడదండీ. నాకూ ఇదే జబ్బు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

తల మీద బరువు పెట్టొద్దని మా ఎముకల డాక్టరు రాసిచ్చారు. ఆ కాగితం తీసుకుని రవాణా శాఖ ఆఫీసులో అడిగితే, దీనికి దరఖాస్తే లేదన్నారు. ఆ మాట నిజమే. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ కింద ఒకప్పుడు రాష్ట్రాలు తమకు తోచిన మినహాయింపులు ఇచ్చుకునే వీలుండేది. 2019 సవరణలో అది పోయింది. ఇప్పుడు నాలుగేళ్లు దాటిన ఎవరైనా, వెనక కూర్చున్నా సరే, పెట్టుకోవాల్సిందే. తలపాగా కట్టుకున్న సిక్కులకు మాత్రమే మినహాయింపు.

అది కూడా తలపాగా ఉంటేనే. హైదరాబాద్‌లోని సిక్ ఛావనీలో తరతరాలుగా ఉంటున్న కుటుంబాలనే తీసుకోండి, భర్తకు తలపాగా ఉంటుంది, చున్నీ కప్పుకుని వెనక కూర్చున్న భార్య సంగతి? చట్టంలోని మాటలు చూస్తే ఆమెకు మినహాయింపు కనిపించదు. ఢిల్లీలో ఒకప్పుడు ఆడవాళ్లందరికీ హెల్మెట్ వాళ్ల ఇష్టానికే వదిలేశారు. 2014లో దాన్ని సిక్కు మహిళలకే పరిమితం చేశారు. రోడ్డు మీద ఎవరు సిక్కు మహిళో పోలీసు చూసి ఎలా చెప్పగలడు? ఇక మెడనొప్పి అయితే ఎవరికీ కనపడదు. అందరూ తలో లెటర్ తెస్తే వాటిలో ఏది నిజమైనదో తేల్చేదెవరు?

పైగా మన దగ్గర చలాన్లు చాలావరకు ఫొటో తీసి పంపేవే. ఇలాగే లెటర్ పెట్టుకుని తిరిగిన మా ఆఫీసు అతనికి ఫోన్‌కే చలాన్ వచ్చింది. ఫొటోలో లెటర్ ఎక్కడ కనపడుతుంది?

హెల్మెట్ బలవంతం చేయడం స్వేచ్ఛకు అడ్డు అనే వాదన కొత్తదేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హెల్మెట్ నిబంధన మీద వేసిన కేసులోనే సుప్రీంకోర్టు 1988లో దాన్ని తోసిపుచ్చింది. రోగులకు మినహాయింపు ఇవ్వకపోవడమే మంచిదని నేను గట్టిగా నమ్ముతాను. హెల్మెట్ వల్ల తలకు గాయమయ్యే ముప్పు సుమారు 69 శాతం, చనిపోయే ముప్పు 42 శాతం తగ్గుతాయని 2008లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (చాలా అధ్యయనాల ఫలితాలను కలిపి చూసేది) చెప్పింది. మెడ బాగోలేనంత మాత్రాన మనకు ఆ రక్షణ అక్కర్లేకుండా పోదు కదా.

గంటకు 25 కిలోమీటర్లు దాటని చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్ కొనుక్కోమని కొందరు సలహా ఇస్తారు. మోటారు శక్తి 250 వాట్ల లోపు ఉండి, బండి బరువు షరతు కూడా సరిపోతే, అది చట్టం లెక్కలో మోటారు వాహనమే కాదు, లైసెన్సూ అడగరు. కానీ దాన్ని నడిపేదీ అదే రోడ్డు మీద, అవే బస్సుల పక్కన. దయచేసి ఆ దారి పట్టకండి.

నాకు పనికొచ్చింది హెల్మెట్ మార్చడం. పాతది సైజు పెద్దది, గాలికి ఊగేది, ఆ ఊపుకే మెడ పట్టేసేది. నుదుటి మీదుగా టేపుతో తల చుట్టుకొలత తీసుకుని, షాపులో పెట్టుకుని, పట్టీ బిగించి తల అటూ ఇటూ ఊపి చూడండి. కదలకూడదు. రెండు మూడు మోడళ్లు చేత్తో పట్టుకుంటే బరువు తేడా తెలిసిపోతుంది. తేలిగ్గా ఉంది కదా అని రోడ్డు పక్క టోపీలాంటిది మాత్రం కొనకండి, ఐఎస్‌ఐ గుర్తుతో పాటు హెల్మెట్ల ప్రమాణం నంబరైన ఐఎస్ 4151 అని ఉందో లేదో చూడండి. ముందు తెరిచి ఉండే రకం తేలికే కానీ గడ్డానికి రక్షణ ఉండదు, అది తెలిసి ఎంచుకోండి.

ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్తే లెటర్ అడగకుండా, అసలు ఈ మెడతో బండి నడపొచ్చా అని అడగండి. స్పీడ్ బ్రేకర్ల కుదుపు హెల్మెట్ లేకపోయినా తగులుతుంది. నొప్పి ఎక్కువున్న రోజుల్లో నేను ఉప్పల్ నుంచి అమీర్‌పేటకు మెట్రోలోనే వెళ్తున్నాను.