మా నాన్నకి సీఓపీడీ (ఊపిరి దారులు ఇరుకై ఆయాసమొచ్చే జబ్బు). రోజుకి రెండుసార్లు పీల్చే మందు ఎగ్గొడుతున్నారు. ఒక్కసారి పీల్చేదానికి మార్పించొచ్చా?

మార్పించండి. నేను డాక్టర్ని కాదు గానీ రాత్రి డోసు సక్రమంగా పీల్చే పెద్దమనిషిని మా ఊళ్ళో ఇంతవరకు చూళ్ళేదు.

మాది కొండపి దగ్గర పల్లె. అమ్మ జన్మలో చుట్ట ముట్టలేదు. 40 ఏళ్ళు కట్టెల పొయ్యి దగ్గర, సీజనొస్తే పొగాకు గ్రేడింగు దగ్గర గడిపింది. ఒంగోల్లో డాక్టరు సీఓపీడీ అని తేలిస్తే చుట్టాలంతా "ఆడమనిషికి పొగ జబ్బేందిరా?" అన్నారు. వాళ్ళందరికీ వండిపెట్టింది ఏ పొయ్యి మీదో మరి!

చీటీ మీద 1-0-1 అని రాసిచ్చారు. ఊపిరి దారులు తెరిచే ఫార్మోటెరాల్, లోపలి వాపు తగ్గించే బుడెసోనైడ్ కలిసిన క్యాప్సూల్, మింగేది కాదు, గొట్టంలో పెట్టి పొడి పీల్చేది. ఫార్మోటెరాల్ పనిచేసేది 12 గంటలే గనక పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఎట్టా పీల్చాలో మాత్రం అక్కడ ఒక్కరూ చూపించలేదు. మందులషాపు కుర్రాడు సంచిలో వేసి చేతికిచ్చాడు, అంతే. ఇంటికొచ్చాక అమ్మ చేసిన మొదటి పని ఆ గొట్టంలోకి బలంగా ఊదడం. ఊదుగొట్టం అలవాటు! పొడంతా చీర మీద పడింది. లోపలికి లాగి, 10 లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టమని నేర్పేసరికి నాకు వారం పట్టింది.

ఆ ఏడు భోగి. తెల్లారుజామున వీధంతా మంటలు. వద్దన్నా వినకుండా అమ్మ పాత చాట తెచ్చి వేసింది. కాసేపటికే అరుగు మీద రెండు చేతులూ ఆనించి కూర్చుంది, మాట రావట్లేదు, మెడ నరాలు తేలినయ్యి. బాడుగ కారులో ఒంగోలు తీసుకుపోయి నెబులైజర్ (మందుని ఆవిరిలా పీల్పించే మిషన్) పెట్టించాం. "మందు రోజూ వాడుతున్నారా?" అని డాక్టరు అడిగితే, "రెండు పూటలా" అన్నా గట్టిగా. అమ్మ గోడకేసి చూసింది. నాకప్పుడు అర్థం కాలా.

కనుమ రోజు ఇంటికి తెచ్చాం. బెల్లం కోసం వంటింటి అలమర వెతుకుతుంటే వెనకాల హార్లిక్స్ సీసా, నిండా క్యాప్సూల్స్. మంచం మీద పోసి లెక్కపెట్టా. 43.

"ఇవేందమ్మా?"

"రాత్రియ్యిరా. పడుకునేదానికి మందెందుకు? పొద్దునది ఉందిగా. నీకు ఖర్చు కలిసొస్తదని దాచా."

తిట్టడానికి నోరు రాలేదు. పైగా వంటింటి చెమ్మకి లోపల పొడి గడ్డకడుతుంది, ఆ దాచినవీ దండగే.

మర్నాడే సీసా డాక్టరు బల్ల మీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పా. ఆయన నవ్వి, టయోట్రోపియం అనే ఇంకో పీల్చే మందుకి మార్చారు. దాని పని 24 గంటలుంటుంది, పొద్దున ఒక్కటే. ఇప్పుడు మాకు రూలు ఒకటే: మందు పీలిస్తేనే టీ. టీ కోసం మా అమ్మ ఏదైనా చేస్తుంది. ఆయాసం ఎక్కువైనప్పుడు కొట్టుకునే సాల్బుటమాల్ వేరే ఉంది, దాని పని 4 నుంచి 6 గంటలే, దాంతో రోజులు నెట్టుకురావాలని చూడమాకండి.

అట్టాగని రెండుపూటల మందుని మీరే కలిపి పొద్దునే వేసేయమాకండి. మా వీధి పెద్దాయన ఒకాయన ఆ తెలివి చూపించి, గుండె దడ, చేతుల వణుకుతో మధ్యాన్నం దాకా కూర్చున్నాడు. మందు మారిస్తే డాక్టరే మార్చాల. షాపువాళ్ళు "ఇదీ అదే" అని వేరే కంపెనీది ఇస్తే, అది మీ గొట్టానికి సరిపోతుందో లేదో కనుక్కోండి. మాకొకసారి సరిపోలేదు, మళ్ళీ ఒంగోలు పోవాల్సొచ్చింది.

ఇంకోటి, మీ నాన్నని "వేసుకున్నావా" అని అడిగి లాభంలేదు. డబ్బాలో మిగిలినవి లెక్కపెట్టండి, అలమరలో సీసాలు కూడా.

ఆ 43 పారబోసినందుకు మా అమ్మ ఇప్పటికీ నన్ను దుబారా మనిషంటది.