సోమవారం ఫిజియోథెరపీకి వెళ్లే ముందు

బిడ్డా,

నిన్న ఫోన్‌లో మాట మధ్యలోనే ఆపేశావు. పక్కన మీ అత్తమ్మ ఉందని అర్థమైంది. మూత్రం కారుతోందంటే డాక్టరమ్మ ఫిజియోథెరపీకి రాసిచ్చింది, అక్కడ ఏం చేస్తారోనని టెన్షన్‌గా ఉంది అన్నావు కదా. అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువు.

చిన్నోడు పుట్టినాక నాకూ దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడేవి. తొమ్మిదేళ్లు ఎవరికీ చెప్పలేదు. ఒక ఏడు సద్దుల బతుకమ్మ నాడు, పద్మాక్షి గుట్ట దగ్గర చప్పట్లు కొడుతూ వంగి లేచేసరికి చీర తడిసింది. ఆ తర్వాత మూడేళ్లు మోకాళ్ల నొప్పులని చెప్పి పక్కన కూర్చొని చూశాను. చివరికి ధైర్యం చేసి ఒక డాక్టర్‌కు చెబితే, "ఇద్దరు పిల్లల్ని కన్నాక ఇంతే కదమ్మా" అన్నారు. ఆ మాట నమ్మి ఇంకా రెండేళ్లు పోగొట్టుకున్నా. ఇది చాలామందికి వచ్చేదే, కానీ వచ్చింది కదా అని భరిస్తూ కూర్చోవాల్సింది కాదు. నీకు కాన్పయి ఐదు నెలలే. నాలాగా ఆగకు.

అమ్మమ్మ ఇంట్లో నులక మంచం గుర్తుందా? పొత్తికడుపు కింద ముందు ఎముక నుంచి వెన్ను చివరి ఎముక దాకా, లోపల కండరాలు అలాగే అల్లుకొని ఉంటాయి. మూత్రసంచి, గర్భసంచి, మలద్వారం దగ్గరి పేగు వాటి మీదే ఆని ఉంటాయి. కాన్పుతో, ఏళ్ల తరబడి ముక్కడంతో, బరువులతో ఆ అల్లిక వదులవుతుంది. మంచమైతే తాడు లాగి బిగిస్తాం, ఇక్కడ ఎక్సర్‌సైజుతో బిగించాలి.

మొదటి రోజు చాలాసేపు మాటలే ఉంటాయి. మూత్రం ఎప్పుడు కారుతుంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తావు, విరేచనం సాఫీగా అవుతుందా, భర్తతో కలిసినప్పుడు నొప్పి ఉందా అని అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పు. నేను మొదటిసారి సగం దాచాను, దాంతో నెల వృథా అయింది. ఇవాళ్టి నుంచే మూడు రోజులు ఒక కాగితం మీద రాసుకో: ఎన్ని గ్లాసుల నీళ్లు, ఎన్ని చాయ్‌లు, ఎన్నిసార్లు బాత్‌రూమ్‌కు, ఎప్పుడు కారింది. డెలివరీ కాగితాలు, వేసుకునే మందుల చీటీ కూడా తీసుకుపో.

తర్వాత కండరాల బలం చూడటానికి గ్లౌజు వేసుకొని లోపల వేలితో పరీక్ష చేయొచ్చు. అది ఎందుకో ముందే వివరించాలి, నువ్వు సరేనన్నాకే చేయాలి. వద్దనొచ్చు, ఇంకోరోజు అనొచ్చు, మధ్యలో ఆపమనొచ్చు. తోడుగా ఒక ఆడమనిషి ఉండాలని అడుగు. పరీక్ష వద్దన్నంత మాత్రాన వైద్యం ఆగదు, పైనుంచి చూసి కూడా మొదలుపెడతారు.

యూట్యూబ్‌లో కెగెల్ అని కనిపించేవి ఈ ఎక్సర్‌సైజులే. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టర్ వీటి గురించి రాశాడు. చూసి సొంతంగా మొదలుపెట్టకు. కొందరికి ఆ కండరాలు వదులు కాదు, బిగుసుకుపోయి ఉంటాయి. వాళ్లు ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది. గ్యాస్ పోకుండా ఆపుకున్నట్టు లోపలికి, పైకి లాగాలి. పిర్రలు, తొడలు బిగించొద్దు, ఊపిరి బిగబట్టొద్దు. నేను నెలరోజులు పొట్టే బిగించాను, ఫిజియో అమ్మ నా పొట్ట మీద చెయ్యి పెట్టి చూపిస్తేగానీ తెలియలేదు. ఎంతసేపు బిగించావో, తర్వాత అంతసేపు వదలాలి కూడా. సాధారణంగా ఎనిమిదిసార్లు చొప్పున రోజుకు మూడుసార్లు చెప్తారు, నీకు ఎంతో వాళ్లే తేలుస్తారు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి ప్రాక్టీస్ చేయకు.

తుమ్ము వస్తుందనగా, పిల్లను ఎత్తుకోబోతూ ముందే ఒకసారి బిగించు. నాకు అన్నిటికంటే ముందు పనికొచ్చింది ఇదే.

కనీసం మూడు నెలలు పడుతుంది. రెండు వారాలకే ఏం తేడా లేదని మానేయకు. భయానికి నీళ్లు తాగడం తగ్గించకు, మూత్రం చిక్కబడి ఇంకా మంట, ఇంకా తొందర. మలబద్ధకం లేకుండా చూసుకో. వెస్టర్న్ టాయిలెట్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకో.

మోకాలికైనా, భుజానికైనా ఫిజియోథెరపీ సంగతి ఇంతే. కరెంటు మెషిన్ పెట్టించుకొని వస్తే కాసేపు హాయిగా ఉంటుంది, నయమయ్యేది మాత్రం ఇంట్లో చేసే ఎక్సర్‌సైజుతోనే. మీ బాబాయికి ప్రోస్టేట్ ఆపరేషన్ అయినాక కారితే ఇవే నేర్పించారు. మగవాళ్లకూ ఈ కండరాలుంటాయి మరి.

ఒక్కటి పైలం. మూత్రంలో రక్తం, చలిజ్వరంతో మంట ఉంటే ముందు డాక్టర్ దగ్గరికి. నడుము నొప్పితో పాటు కూర్చునే చోట తిమ్మిరెక్కినా, కాళ్లలో బలం పోయినా, ఉన్నట్టుండి మూత్రం రాకపోయినా ఆగకపోయినా, ఒక్క గంట కూడా చూడొద్దు, నేరుగా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి రా.

సోమవారం వదులు బట్టలు వేసుకో. పరకాల బస్సు దిగి చంటిదాన్ని మా ఇంట్లో వదిలిపో. పాలు పిండి డబ్బాలో తెస్తే చాలు, నువ్వొచ్చేదాకా నేను చూసుకుంటా.

నీ పెద్దమ్మ,
హన్మకొండ