‘ల్యాండ్స్ ఉన్నాయి’ అని చెప్పాను, ఇప్పుడెలా?

ప్రశ్న: నాకు 20 ఏళ్లు. మాది సూర్యాపేట జిల్లాలో ఒక పల్లె. నాన్న కౌలు రైతు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు హైదరాబాద్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద బీటెక్ థర్డ్ ఇయర్ చదువుతున్నాను. ల్యాబ్‌లో నా బ్యాచ్‌మేట్‌తో ఏడాదిన్నరగా ప్రేమలో ఉన్నాను. వాళ్లమ్మా నాన్నా ఇద్దరూ డాక్టర్లు. తనెప్పుడూ నన్ను తక్కువ చేసి చూడలేదు. కానీ వాళ్ల ఫ్రెండ్స్ మధ్య కూర్చుంటే నాకు నోరు పెగలదు, ఫోన్ చూస్తూ కూర్చుంటాను. మీ నాన్న ఏం చేస్తారని తనొకసారి అడిగితే ‘ల్యాండ్స్ ఉన్నాయి’ అన్నాను. బయట ఖర్చుల కోసం లోన్ యాప్‌లో 10,000 అడిగితే 7,200 చేతికొచ్చింది. అది కట్టడానికి ఇంకో యాప్, దానికి మరొకటి. మొత్తం 23,000 అయింది. మనసు బాగోక క్లాసులకు వెళ్లడం లేదు, అటెండెన్స్ పడిపోయింది. బీటెక్ అవగానే తను ఎంఎస్‌కి అమెరికా వెళ్తుంది. ‘అప్పటిదాకా హ్యాపీగా ఉందాం, తర్వాత చూద్దాం’ అంటోంది. ఇప్పుడే విడిపోవడం మంచిదా?

జవాబు: విడిపోవాలా వద్దా అన్నది మీరు చివర అడిగారు. నేనూ చివరే చెబుతాను. ఎందుకంటే మీ ఉత్తరంలో ఆ అమ్మాయి మీద ఒక్క ఫిర్యాదూ లేదు. తనకు నచ్చిన అబ్బాయి ఎవరో తనకు పూర్తిగా తెలియదు, తెలియనివ్వనిది మీరే. ఆ ‘ల్యాండ్స్’ అన్న మాటను నిలబెట్టుకోవడానికి మల్టీప్లెక్స్ టికెట్లు, దానికోసం యాప్ లోన్, ఆ దిగులుతో క్లాసు ఎగ్గొట్టడం. అన్నీ ఒకే తాడుకు కట్టి ఉన్నాయి.

ముందు అప్పు. నాలుగో యాప్ జోలికి పోవద్దు. 10,000 అడిగితే 2,800 ముందే కోసుకుని వారం గడువు పెట్టే యాప్‌ల పని తీరే అంత: అసలు తీరదు, రెన్యువల్ పేరుతో ఫీజులు లాగుతూనే ఉంటారు. ఒక కాగితం మీద మూడు గడులు గీయండి. ఏ యాప్, చేతికెంత వచ్చింది, ఇప్పటిదాకా ఎంత కట్టారు. ఆ తర్వాత ఒక్కో యాప్ వెనక ఏ బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ సంస్థ) ఉందో వెతకండి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం అప్పిచ్చేది ఎవరో యాప్ చెప్పాలి, ఖర్చులన్నీ కలిపి ముందే చూపాలి, మీ కాంటాక్టులు, గ్యాలరీ ముట్టుకోకూడదు. రిజిస్టరైన సంస్థ అయితే బాకీ లెక్క రాతపూర్వకంగా అడిగి తీర్చేయండి, క్లోజ్ అయినట్టు కాగితం తీసుకోండి. ఎవరి పేరూ కనిపించకపోతే స్క్రీన్‌షాట్లు, యూపీఐ రసీదులు దాచుకుని సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. రిజర్వ్ బ్యాంకు ‘సచేత్’ పోర్టల్లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు.

ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌లకు కాంటాక్టుల పర్మిషన్ తీసేయండి. అయితే అప్పటికే వాళ్లు లాక్కున్న నంబర్లు దాంతో వెనక్కి రావు. అందుకే దగ్గరివాళ్లు పదిమందికి మీరే ముందుగా మెసేజ్ పెట్టండి: ‘నా కాంటాక్టులు ఒక లోన్ యాప్ చేతిలో పడ్డాయి. నా పేరుతో ఫొటోగానీ మెసేజ్‌గానీ ఏది వచ్చినా పట్టించుకోకండి, నాకు చెప్పండి.’ వాళ్ల చేతిలో ఉన్న ఆయుధమల్లా మీ సిగ్గే. ఈ ఒక్క మెసేజ్‌తో అందులో సగం పోతుంది.

నాన్నకు చెప్పాలి. ‘కొంచెం డబ్బు కావాలి’ అని నీళ్లు నమిలితే ఆయన ఇంకేదో ఊహించుకుని భయపడతారు. 23,000 అని అంకె చెప్పండి, ఎలా అయిందో చెప్పండి, నెలకింత తీరుస్తానని చెప్పండి. స్కూలు పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పుకునే బీటెక్ కుర్రాళ్లు నగరంలో చాలామందే ఉన్నారు. యాసంగి వడ్ల డబ్బు చేతికొచ్చేదాకా ఆగుదామనుకోకండి, యాప్ వాళ్లు ఆగరు.

ఇక అటెండెన్స్. జేఎన్‌టీయూ హైదరాబాద్ పరిధిలోని కాలేజీల్లో 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం చూపి కండొనేషన్, అంటే తక్కువైన హాజరుకు మినహాయింపు, అడగొచ్చు. 65 దిగితే డిటెన్షనే, అంటే సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు. లెక్క ఇలా వేసుకోండి. సెమిస్టర్ మొత్తం 480 పీరియడ్లు, ఇప్పటికి 280 అయ్యాయి, మీరు వెళ్లినవి 170 అనుకుందాం. అంటే 61 శాతం. 75 శాతానికి 360 కావాలి కాబట్టి మిగిలిన 200లో 190కి వెళ్లాల్సిందే. కండొనేషన్ గట్టున పడాలన్నా 142 తప్పవు. మీ అసలు అంకెలు ఆఫీసులో కనుక్కుని ఇదే లెక్క ఈ రోజే వేయండి. డిటెయిన్ అయితే మీకు ఏడాదితో పాటు ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా చిక్కుల్లో పడుతుంది. ఆమెకు ఏడాది పోతే ఏడాదే పోతుంది. మీ ఇద్దరి మధ్య అసలు తేడా ఇంగ్లీషు కాదు, ఇదీ.

ఈ రెండూ ఒక దారికి వచ్చాక ఆమెతో మాట్లాడండి. రాత్రి పన్నెండింటికి వాట్సాప్‌లో వద్దు, బస్సు వచ్చే ముందు వద్దు, ఆమె ఫ్రెండ్స్ ఉన్నప్పుడు అసలే వద్దు. ల్యాబ్ లేని మధ్యాహ్నం ఓ గంట దొరికే చోట, ఇంత పొట్టిగా చెప్పండి: ‘మాకు సొంత భూమి లేదు. నాన్న కౌలు చేస్తారు. నీకు అబద్ధం చెప్పాను. బయటికెళ్తే నెలకు వెయ్యికి మించి నేను పెట్టలేను.’ ఆ తర్వాత ఆగండి. మా పేదరికం, నా బతుకు అంటూ పొడిగించారో, ఆమె తన బాధ పక్కన పెట్టి మిమ్మల్ని ఓదార్చే పనిలో పడుతుంది. డబ్బు లేనందుకు కాదు, ఏడాదిన్నర నమ్మించినందుకు ఆమెకు కోపం రావచ్చు. రానివ్వండి. నాలుగైదు రోజులు మాట్లాడకపోతే వెంటపడకండి. యాప్ అప్పు ఆమె కడతానంటే వద్దనండి.

‘తర్వాత చూద్దాం’ అన్న మాటను కూడా అప్పుడే కాస్త విప్పి చూసుకోండి. ఎంఎస్ దాదాపు రెండేళ్లు. ఆ తర్వాత ఓపీటీ (చదువయ్యాక అక్కడే పనిచేసే అనుమతి) ఒక ఏడాది, ఇంజినీరింగ్ వాళ్లకు పొడిగింపు మరో 24 నెలలు. అంటే ఆమె అనుకుంటున్న ‘తర్వాత’ అయిదేళ్లు కావచ్చు. మీకిక్కడ రాత్రి 9 అయితే వేసవిలో న్యూయార్క్‌లో పొద్దున 11.30, ఆమె క్లాసులో ఉంటుంది. ఇదంతా ఆమె దాచిన విషయమేమీ కాదు, ఉన్నదున్నట్టే చెప్పింది. కులం సంగతి మీరు రాయలేదు, నేనూ అడగను. పెళ్లి మాట వచ్చిన రోజు అదే ముందుకొస్తుంది, ఈ సెమిస్టర్లో దాన్ని మోయక్కర్లేదు.

విడిపోవాలా అంటే, నిజం తెలిశాక కూడా ఆమె మీతో క్యాంటీన్లో పదిహేను రూపాయల టీ తాగుతూ సంతోషంగా కూర్చోగలిగితే, వెళ్లే తేదీ తెలిసిన ప్రేమగానే దీన్ని ఉంచుకోవచ్చు. అందులో తప్పేం లేదు. కానీ ప్రతి సాయంత్రం మీరు మనసులో రోజులు లెక్కపెట్టుకుంటుంటే మీకది కుదరదు, మంచిగానే చెప్పి తప్పుకోండి. నాకైతే మీరు రెండో రకమనిపిస్తోంది. అయినా నిజం చెప్పకముందు తేల్చకండి. లేనిపోని భూస్వామి కొడుకుగా విడిపోతే, ఆమె ఎవరిని వదులుకుందో ఆమెకే తెలియదు.

విడిపోతే ఇద్దరి వ్యక్తిగత ఫొటోలు ఎదురెదురుగా కూర్చుని తీసేయండి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవి ట్రాష్‌లో 60 రోజులు ఉంటాయి, అక్కడా ఖాళీ చేయండి. మొదటి మూడు వారాలు నిద్ర, తిండి తప్పుతాయి. రూమ్‌లో ఒంటరిగా పడుకోకుండా లైబ్రరీలోనో గ్రౌండ్‌లోనో ఉండండి. బతకాలని లేదనిపిస్తే ఏ వేళలోనైనా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ఇంకొకటి. ఫోర్త్ ఇయర్ మేజర్ ప్రాజెక్టు బ్యాచ్‌లు వేసేటప్పుడు, కలిసున్నా విడిపోయినా, మీరు వేరే బ్యాచ్‌లో పేరివ్వండి. రివ్యూ రోజున గైడ్ ముందు ఇద్దరూ పక్కపక్కన నిలబడాల్సి వస్తే పాడయ్యేది మీ ఇద్దరి మార్కులే కాదు, బ్యాచ్‌లో ఉన్న మిగతా ఇద్దరివి కూడా.