ఫ్రెంచ్ బడి, ఇంగ్లీష్ ఇల్లు: పిల్లలకి ఏ పత్రికలు తెప్పించాలి?

మీ పాపకి ఏడేళ్లు, మాంట్రియల్‌లో ఫ్రెంచ్ బడి, ఇంట్లో తెలుగూ ఇంగ్లీషూ. ఇంగ్లీష్ కథలు గడగడా చదివేస్తోంది, ఫ్రెంచ్ పుస్తకం ఇస్తే మొహం తిప్పుకుంటోంది. రెండు భాషలూ ఒకేచోట ఉండే మంచి పిల్లల పత్రిక ఏదైనా ఉందా అని అడిగారు.

ఆరేళ్ల కిందట మా ఇంట్లోనూ ఇదే గొడవండీ. నేనూ ముందు అలాంటిదే వెతికాను. ఒక పేజీలో ఫ్రెంచ్, ఎదుటి పేజీలో ఇంగ్లీష్ ఉన్న కథల పుస్తకాలు నాలుగు కొన్నాను. మావాడు ఏం చేశాడో చెప్పనా? ఫ్రెంచ్ పేజీ మీద ఎడమ చెయ్యి ఆనించి, ఇంగ్లీష్ పేజీ చదివేసి, "అయిపోయిందమ్మా" అన్నాడు. వాడిదీ తప్పు కాదు. సులువైన దారి పక్కనే ఉంటే కష్టమైన దారిలో మనం మాత్రం వెళ్తామా?

అందుకే రెండూ కలిసినది వెతకొద్దు. ఫ్రెంచ్‌కి ఒకటి, ఇంగ్లీషుకి ఒకటి, వేర్వేరుగా తీసుకోండి. వెనకబడిన భాషలో వయసు కంటే ఒక మెట్టు కిందది తీసుకోండి.

నాకు ఈ ఆలోచన చందమామ నుంచి వచ్చింది. మా నాన్న తెలుగు చందమామ తెప్పించేవారు, పక్కింట్లో ఇంగ్లీషుది వచ్చేది. అవే కథలు, అవే బొమ్మలు. తెలుగులో చదివేసిన బేతాళ కథ ఇంగ్లీషులో తీస్తే, తెలియని మాట వచ్చినా బొమ్మ చూసి దాటేసేదాన్ని. డిక్షనరీ తీసిన గుర్తే లేదు.

ఫ్రెంచ్ సంగతికొస్తే, ఇక్కడ పెద్ద పేరు బయార్. ఫ్రాన్స్ సంస్థే అయినా దానికి కెనడా శాఖ ఉంది. చిన్నవాళ్లకి పోమ్ దాపీ, 1966 నుంచి వస్తోంది. మూడు నుంచి ఏడేళ్ల వాళ్లకని. కథలు వినే వయసుకి లె బెల్ జిస్త్వార్. సొంతంగా చదివే ఏడు నుంచి పదేళ్ల వాళ్లకి జెమ్ లీర్. "నాకు చదవడం ఇష్టం" అని దాని పేరుకి అర్థం. చేతిలో ఇమిడే చిన్న పత్రిక, లోపల అధ్యాయాలుగా విడగొట్టిన ఒక బొమ్మల నవల, వెనక ఆటలు, కామిక్స్. తమాషా ఏంటంటే ఇది మొదలైంది 1977లో. మన పిల్లల్ని ఫ్రెంచ్ బడికి పంపించిన క్యూబెక్ రాష్ట్రపు 101వ చట్టం కూడా ఆ ఏడాదిదే.

మీ పాప వయసుకి జెమ్ లీర్ సరిపోతుందని అట్ట మీద ఉంటుంది. నమ్మకండి. ఆ వయసు లెక్క ఇంట్లో అమ్మమ్మతో కూడా ఫ్రెంచ్ మాట్లాడే పిల్లలకి. మనవాళ్లకి మే ప్రమియే జెమ్ లీర్ అని దాని చెల్లెలు ఉంది, అప్పుడే చదవడం నేర్చుకుంటున్న వాళ్లకి. దాంతో మొదలుపెట్టండి. చిన్నపిల్లల పుస్తకం ఇచ్చారని అలుగుతుందేమో అనిపిస్తే మీకోసమని చెప్పండి. నేను అదే చేశాను. "నాకు ఫ్రెంచ్ నేర్పు" అని పక్కన కూర్చుని చదవడం మొదలుపెట్టా. ఇల్స్ మాంజెంట్ అన్నాను. వాడు సోఫా మీంచి కిందపడి నవ్వాడు. అది "ఇల్ మాంజ్" అట, చివర మూడు అక్షరాలు దండగేనట. ఆ రోజు నుంచి మా ఇంట్లో మాస్టారు వాడు, రోజూ ఒక పేజీ నాకు పాఠం. నెల తిరిగేసరికి నేను వంటింట్లో ఉన్నా వాడే చదివి వినిపించేవాడు. నా ఉచ్చారణ మాత్రం ఇప్పటికీ అంతే.

ఇంకో ఇబ్బంది ముందే చెప్తాను, మీ పాప కూడా దీని దగ్గర ఆగుతుంది. ఫ్రెంచ్ కథల్లో జరిగిపోయిన సంగతి చెప్పడానికి ఒక కాలం వాడతారు, మామూలు మాటల్లో అది దాదాపు వినపడదు. "ఇల్ ఫీ", "ఇల్ ఫ్యూ" లాంటివి. బడిలో స్నేహితులతో రోజంతా ఫ్రెంచ్ మాట్లాడే పిల్ల కూడా పుస్తకంలో ఇది చూసి బిత్తరపోతుంది. మన పాత వాచకాల్లో "రాజు అడవికి పోయెను, పులిని చూచెను" అని ఉండేది చూడండి, అలాంటిదే. మావాడికి ఈ పోలిక చెప్పాక కొన్నాళ్లు ఇంట్లో "అమ్మ అన్నము పెట్టెను" అని తిరిగాడు. భయం మాత్రం పోయింది.

ఇంగ్లీషుకి అంత హడావుడి అక్కర్లేదు, ఎలాగూ చదువుతోంది కదా. ఇక్కడి పత్రికలే బాగుంటాయి: మూడు నుంచి ఆరేళ్లకి చిర్ప్, ఆరు నుంచి తొమ్మిదికి చికడీ, ఆపైన ఔల్. ఔల్ 1976లో మొదలైంది, మిగతా రెండూ దాని తమ్ముళ్లు. మా అత్తగారు ఇక్కడున్న ఆర్నెల్లూ, పొద్దున్నే గుడ్లగూబ మొహం చూడకూడదని ఔల్ సంచికని టేబుల్ మీద బోర్లా పెట్టేవారు. అమెరికా నుంచి వచ్చే లేడీబగ్, స్పైడర్, క్రికెట్ కూడా మంచి కథల పత్రికలే.

ఒక్కటి మాత్రం చూసి కొనండి. ఐ లవ్ ఇంగ్లీష్ అని బయార్ వాళ్లదే ఇంకో పత్రిక ఉంది. పేరు చూసి నేను కొనేశాను. అది ఇంగ్లీష్ నేర్చుకునే ఫ్రెంచ్ పిల్లల కోసం, కష్టమైన మాటలకి ఫ్రెంచ్‌లో అర్థాలిస్తారు. మన పిల్లలకి చప్పగా ఉంటుంది. మీకు కావాల్సింది స్టోరీబాక్స్, అడ్వెంచర్‌బాక్స్ లాంటివి. బయార్ తన ఫ్రెంచ్ పత్రికల పద్ధతిలోనే ఇంగ్లీషులో తెచ్చినవి. పాత సంచికలు దొరికినా వదలకండి.

కథలంటే విసుగు, కప్పలూ రాకెట్లూ కావాలనే పిల్లలయితే దారి వేరు. క్యూబెక్‌లోనే తయారయ్యే సైన్స్ పత్రిక లె దెబ్రుయ్యార్ 1982 నుంచి ఉంది, తొమ్మిదేళ్లు దాటినవాళ్లకి. దాని గుర్తు బెప్పో అనే కప్ప, బొమ్మ గీసింది జాక్ గోల్డ్‌స్టిన్. ఆరు నుంచి పదేళ్లవాళ్లకి దాని తమ్ముడు లెజెక్స్‌ప్లొరాతర్. మావాడు ఫ్రెంచ్‌లో నిజంగా పడింది ఇక్కడే, జెమ్ లీర్ దగ్గర కాదు. ఇంట్లో వంటసోడా అంతా ప్రయోగాలకే అయిపోయేది.

డబ్బు కట్టే ముందు లైబ్రరీకి వెళ్లండి. మీ పేటలో లైబ్రరీ సరే, బెర్రీ-యుకామ్ మెట్రో దగ్గర గ్రాండ్ బిబ్లియోతెక్‌లో పిల్లల విభాగం విడిగా ఉంది. క్యూబెక్‌లో ఉండేవాళ్లకి సభ్యత్వం ఉచితం. పాపని అక్కడ వదిలి మీరు పక్కకి తప్పుకోండి. ఏది చేతిలోకి తీసుకుని కింద కూర్చుంటుందో దానికే చందా కట్టండి.

పాతవి దొరకాలంటే జులై 1 చూసుకోండి. ఆ రోజు ఊరంతా ఇళ్లు మారతారు, అక్కర్లేనివి పేవ్‌మెంట్ మీద పెట్టేస్తారు. మాకు ఒకసారి అట్టపెట్టె నిండా జెమ్ లీర్లు దొరికాయి, నలభై పైనే. అందులో పాత తోం-తోం, నానా కామిక్స్ కూడా. హోటల్ నడిపే అమ్మానాన్నల్ని ఏడిపించే అల్లరి అన్నాచెల్లెళ్లు. మా ఆయన నల్లులొస్తాయని గొడవ. నిజమే, ఈ ఊళ్లో ఆ భయం ఉండాలి. సంచుల్లో గట్టిగా కట్టి వారం ఫ్రీజర్‌లో పెట్టాం. ఆ వారం ఇంట్లో బఠాణీలు లేవు, ఐస్‌క్రీం లేదు.

చందా కట్టేటప్పుడు కెనడా చిరునామాకి కెనడా ధరే చూపిస్తున్నారో లేదో చూడండి, ఫ్రాన్స్ నుంచి తెప్పిస్తే తపాలా ఖర్చు తడిసి మోపెడవుతుంది. పేరు మాత్రం పాప పేరే రాయండి, మీది వద్దు. ఆ వయసులో తన పేరు మీద ఉత్తరం వస్తే విప్పకుండా ఉండరు. 2024 చివర్లో తపాలా సమ్మె జరిగి నెల పైన ఏమీ రాలేదు. మావాడప్పటికి పెద్దవాడయ్యాడు, అయినా బడి నుంచి రాగానే డబ్బా తెరిచి చూసేవాడు.